ఈనిన గేదెకు ఎర్ర మూత్రం: తవుడు మానేస్తే రక్తకణం పగిలిన కేసు

గ్రేడెడ్ ముర్రా గేదె, నాలుగో ఈత. ఈని మూడు వారాలు దాటింది. రోజుకు 11 లీటర్ల దాకా పాలు ఇస్తున్నది రెండు రోజుల్లో నాలుగు లీటర్లకు దిగిపోయింది. మూత్రం కాఫీ డికాషన్ రంగులో వస్తోంది. నెల్లూరు జిల్లాలో బుచ్చిరెడ్డిపాళెం వైపు, పెన్నా కాలువల కింద వరి పండే ఊరు. కార్తీక మాసం, వానలు విడవకుండా పడుతున్న రోజులు.

ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. మూత్రం ఎర్రగా వస్తోందనగానే పిడుదుల జ్వరమనుకుని ఇంజెక్షన్ వేసేయడం మన పల్లెల్లో అలవాటైపోయింది. కానీ ఈనిన కొద్ది వారాల్లో, బాగా పాలిచ్చే గేదెకు, జ్వరం లేకుండా ఈ లక్షణం కనిపిస్తే ముందుగా అనుమానించాల్సింది భాస్వరం లోపాన్ని. అక్కడ జరుగుతున్నది ఎర్ర రక్తకణం తన శక్తిని తాను తయారుచేసుకోలేక పగిలిపోవడం. ఈ సంగతి అర్థమైతే ఏ మందు వేయాలో, ఏది వేయకూడదో కూడా తెలుస్తుంది.

కొట్టంలో చూసింది

"రెండు దినాల నుంచి ఎర్రగా పోస్తా ఉంది సార్. మొదట టీ మాదిరి ఉన్నింది, రాత్రికి నల్లంగా అయిపోయింది" అని ఇంటావిడ చెప్పింది. అప్పటికే పిడుదుల జ్వరానికి ఒక ఇంజెక్షన్, ఒక కాల్షియం సీసా, "బలానికి" రెండు గ్లూకోజ్ సీసాలు ఎక్కించి ఉన్నారు. గ్లూకోజ్ ఎక్కించిన రాత్రే మూత్రం నల్లబడిందని ఆమె రెండుసార్లు చెప్పింది. ఆ మాటను నేను రాసిపెట్టుకున్నాను.

టెంపరేచర్ 100.8 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే జ్వరం లేదు. గుండె నిమిషానికి 98 సార్లు కొట్టుకుంటోంది. గేదెకు ఇది చాలా ఎక్కువ. మెడ పక్కన సిర కొట్టుకోవడం దూరం నుంచే కనబడుతోంది. కనురెప్ప లోపలి పొర తెల్లగా పాలిపోయి, అంచుల్లో కాస్త పసుపు తిరిగింది. చెవుల్లో, పొదుగు మీద, తోక కింద వెతికితే ఒక్క పిడుదు కూడా దొరకలేదు. ఈ జబ్బులో గేదెల్లో ప్రత్యేకంగా కనిపించే లక్షణం ఇంకొకటుంది. పేడ వేయాలంటే తోక ఎత్తి చాలాసేపు ముక్కుతుంది, చివరికి గట్టి పేడ కొద్దికొద్దిగా పడుతుంది. ఈ గేదె నా ముందే అలా చేసింది. నెమరు తగ్గింది గానీ పూర్తిగా ఆగలేదు.

మూత్రాన్ని ఒక గాజు సీసాలో పట్టి గట్టు మీద పెట్టాను. రక్తం చుక్కలుగా కలిసి వస్తుంటే కొంతసేపటికి ఎర్రకణాలు అడుగుకు చేరి పైన నీరు తేటపడుతుంది. ఇక్కడ అరగంటైనా అడుగున ఏమీ పేరుకోలేదు, పైనుంచి కింది దాకా ఒకటే రంగు. అంటే మూత్రంలో ఉన్నది కణాలు కావు, కణాలు పగిలి బయటపడ్డ హిమోగ్లోబిన్. నెత్తురు తీస్తే పలచగా జారిపోయింది. కాసేపు నిలవ ఉంచితే పైకి తేలిన సీరం కూడా ఎర్రగానే ఉంది. కండరాలు దెబ్బతిని, వాటిలోని ఎర్ర ప్రొటీన్ మయోగ్లోబిన్ వల్ల మూత్రం రంగు మారితే సీరం మామూలుగా తేటగా ఉంటుంది. ఆ అనుమానం కూడా తీరింది.

చెవి నుంచి తీసిన రక్తంతో గాజుపలక మీద పూత వేసి, రంగు పట్టించి చూస్తే పిడుదుల జ్వరం తెచ్చే బబీసియా ఎక్కడా కనబడలేదు. ఇంజెక్షన్ పడ్డాక పరాన్నజీవి కనిపించకపోవచ్చు కాబట్టి దీని ఒక్కదాని మీదే ఆధారపడలేదు. జ్వరం లేకపోవడం, పిడుదులు లేకపోవడం, ఈనిన కాలం, ముక్కడం, వీటన్నిటినీ కలిపి చూశాను. నెల్లూరు ల్యాబ్ నుంచి సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. హిమోగ్లోబిన్ 6.2 గ్రాములు, రక్తకణాల శాతం 18, సీరం భాస్వరం డెసిలీటరుకు 1.2 మిల్లీగ్రాములు. మామూలుగా ఇది 4 నుంచి 7 మధ్య ఉండాలి. పగిలిన కణాల్లోంచి కూడా కొంత ఫాస్ఫేట్ (ఒంట్లో భాస్వరం ఉండే రూపం) సీరంలోకి వస్తుంది కాబట్టి అసలు లోపం ఈ అంకె చూపిస్తున్నదానికంటే ఎక్కువే అయి ఉండొచ్చు.

మేత లెక్క

మందు సంగతికి ముందు మేత గురించి అడగడం నాకు అలవాటు. ఈ కేసులో అసలు జవాబు అక్కడే దొరికింది.

వానలకు పచ్చిగడ్డి చేలల్లో నీళ్లు నిలిచాయి. ఆరేడు వారాలుగా గేదె తింటున్నది వరిగడ్డి మాత్రమే. అంతకుముందు కుడితిలో రోజూ తవుడు పడేది. ఈనడానికి కొంచెం ముందు తవుడు ఆపేసి నూకలు ఉడికించి జావ పోయడం మొదలుపెట్టారు. "బాలింత బర్రెకు తవుడేంది, నూకల జావైతే బలం గదా అని పోస్తిమి సార్" అంది ఇంటావిడ. ప్రేమతో చేసిన పనే అది. ఇంట్లో మనుషులు తినే నూకలే గేదెకూ పెట్టారు. ఆమె ఇంకో సంగతి కూడా చెప్పింది. నెల నుంచి ఈ గేదె గోడ నాకుతోంది, పాత చెప్పు దొరికితే నములుతోంది, ఒకసారి కుక్క వదిలేసిన ఎముకను నోట్లో పెట్టుకుని వదల్లేదు. అదేదో దిష్టి అనుకున్నారు. భాస్వరం తక్కువైన పశువు చేసే పనులే ఇవన్నీ.

వరిపైరుకు రైతు డీఏపీ చల్లుతాడు. అందులో ఉన్న భాస్వరాన్ని పైరు వేళ్లతో తీసుకుంటుంది. వెన్ను పాలుపోసుకునే దశలో ఆకుల్లో, కాడల్లో ఉన్న భాస్వరంలో ఎక్కువ భాగం గింజకు చేరుతుంది. కోత అయ్యేసరికి గడ్డిలో మిగిలేది వందకు 0.1 పాలు, తరచుగా అంతకంటే తక్కువ. గింజలో చేరింది కూడా అంతటా సమంగా ఉండదు. బియ్యపు గింజ పై పొరల్లో ఫైటేట్ అనే సమ్మేళనం రూపంలో పేరుకుంటుంది. మిల్లులో పాలిష్ పట్టగానే ఆ పొర తవుడుగా వేరైపోతుంది. తవుడులో వందకు ఒకటిన్నర పాలు దాకా భాస్వరం ఉంటే, పాలిష్ పట్టిన బియ్యంలోనూ నూకల్లోనూ 0.1 దగ్గరే ఉంటుంది. ఈ గేదెకు దక్కినవి వరిపైరులో భాస్వరం పోయిన రెండు భాగాలు, గడ్డి, నూకలు. భాస్వరం ఉన్న మూడో భాగం మిల్లు దగ్గరే ఉండిపోయింది. మనుషులకు ఫైటేట్ సరిగా అరగదు. గేదె పెద్దకడుపులో ఉండే సూక్ష్మజీవులు దాన్ని విడగొట్టి భాస్వరాన్ని బయటికి తీస్తాయి. కాబట్టి తవుడు గేదెకు నిజంగానే మంచి మేత.

లెక్క వేసి చూశాను. తొమ్మిది, పది కిలోల వరిగడ్డి, మూడు కిలోల నూకలు కలిపితే రోజుకు లోపలికి వెళ్లే భాస్వరం పన్నెండు, పదమూడు గ్రాములు. అందులో వంటబట్టేది ఒక భాగమే. గేదెపాలలో లీటరుకు గ్రాము పైనే భాస్వరం ఉంటుంది. పదకొండు లీటర్లతో పోయేదే పన్నెండు గ్రాముల పైమాట. పేడలో పోయేది దీనికి అదనం. మరి ఎముకల్లో ఉన్న నిల్వ ఏమైంది? శరీరంలో ఉన్న భాస్వరంలో 80 శాతం పైగా ఎముకల్లో, పళ్లలో కాల్షియంతో కలిసి ఉంటుంది. ఎముకను కరిగించమని శరీరం ఆదేశించేది ముఖ్యంగా రక్తంలో కాల్షియం తగ్గినప్పుడు, భాస్వరం తగ్గినప్పుడు కాదు. ఈ ఇంట్లో ఈనిన రోజు నుంచి కాల్షియం టానిక్ తప్పకుండా తాగిస్తున్నారు. ఎముకల్లో అంత నిల్వ ఉన్నా అది అవసరానికి బయటికి రాలేదు.

ఎర్రకణం లోపల

గేదె ఒంట్లో శక్తికి కొదవ లేదు. మూపు దగ్గర, తోక మొదట్లో కొవ్వు చేతికి తగులుతోంది. కాలేయంలో గ్లైకోజెన్ ఉంటుంది. పెద్దకడుపులో పులిసిన మేత నుంచి అసిటేట్, ప్రొపియోనేట్ అనే ఆమ్లాలు రక్తంలోకి వస్తూనే ఉంటాయి. ప్రొపియోనేట్ నుంచి కాలేయం గ్లూకోజ్ తయారుచేస్తుంది. పొదుగు ఆ గ్లూకోజ్‌ను పాలలోని లాక్టోజ్‌గా మారుస్తుంది. కానీ ఏ కణమైనా పని చేయాలంటే ఈ నిల్వలను నేరుగా వాడుకోలేదు. వాటిని ముందు ఏటీపీగా మార్చుకోవాలి. అడినోసిన్‌కు వరసగా మూడు ఫాస్ఫేట్లు తగిలించిన అణువు అది. చివరి ఫాస్ఫేట్ విడిపోయేటప్పుడు వచ్చే శక్తితోనే కణపు పొరలోని పంపులు తిరుగుతాయి, కండరం ముడుచుకుంటుంది, ప్రొటీన్లు తయారవుతాయి. ఏటీపీని కొవ్వులాగా దాచిపెట్టుకోవడం కుదరదు. ఖర్చయ్యే కొద్దీ మళ్లీ మళ్లీ తయారుచేసుకోవాల్సిందే.

మిగతా కణాలకు ఇందుకు మైటోకాండ్రియా ఉంది. ఆక్సిజన్‌తో కొవ్వునూ గ్లూకోజ్‌నూ దహించి, ఒక్క గ్లూకోజ్ అణువు నుంచి ముప్పై దాకా ఏటీపీలు రాబట్టుకుంటాయి. క్షీరదాల ఎర్రకణానికి కేంద్రకమూ లేదు, మైటోకాండ్రియా కూడా లేదు. ఒళ్లంతా ఆక్సిజన్ మోసుకుతిరిగే ఈ కణం తన అవసరానికి ఆ ఆక్సిజన్‌ను వాడుకోలేదు. కొవ్వును అసలే వాడుకోలేదు. దానికి ఉన్న ఒకే దారి గ్లూకోజ్‌ను రెండు ముక్కలు చేసే గ్లైకాలిసిస్. దాని వల్ల మిగిలేది రెండంటే రెండు ఏటీపీలు. కూడబెట్టుకోవడానికి ఏమీ ఉండదు, ఏ పూట కూలి ఆ పూటే తినే సంసారం దానిది.

భాస్వరం లోపం దెబ్బ కొట్టేది సరిగ్గా ఈ దారి మధ్యలోనే. గ్లైకాలిసిస్ మొదట్లో కణం తన దగ్గరున్న రెండు ఏటీపీలను ఖర్చుపెట్టి గ్లూకోజ్‌కు ఫాస్ఫేట్లు తగిలిస్తుంది. తర్వాత అది మూడేసి కార్బన్ల రెండు ముక్కలవుతుంది. ఆ పై మెట్టులో ఒక్కో ముక్క ఇంకో ఫాస్ఫేట్‌ను చేర్చుకోవాలి. అది ఏటీపీ నుంచి రాదు, కణద్రవంలో విడిగా తిరిగే ఫాస్ఫేట్ నుంచి రావాలి. అది చాలకపోతే బండి అక్కడే ఆగుతుంది. పెట్టుబడి పెట్టిన రెండు ఏటీపీలు పోయాయి, తిరిగి రావాల్సిన నాలుగు రాలేదు. ఏటీపీ పడిపోతే పొర తన ఆకారాన్ని నిలబెట్టుకోలేదు. కణం మెత్తదనం పోయి గట్టిపడుతుంది, సన్నని రక్తనాళాల్లో దూరేటప్పుడు వంగలేక పగులుతుంది. కేంద్రకం లేదు కాబట్టి కొత్త ప్రొటీన్ చేసుకుని బాగుపడే అవకాశమూ దానికి లేదు.

గ్లూకోజ్ ఎక్కించాక మూత్రం నల్లబడిన సంగతి ఇప్పుడు చూడండి. సిరలోకి గ్లూకోజ్ పడగానే ఇన్సులిన్ పెరుగుతుంది. దాని ప్రభావంతో కాలేయం, కండరాలు గ్లూకోజ్‌తో పాటు ఫాస్ఫేట్‌ను కూడా లోపలికి లాక్కుంటాయి. రక్తంలో అసలే తక్కువగా ఉన్న ఫాస్ఫేట్ ఇంకా తగ్గుతుంది. ఆ రాత్రి జరిగినదానికి ఇదొక్కటే కారణమని నేను చెప్పను, జబ్బు తనంతట తానే ముదురుతూ ఉండొచ్చు. అయినా భాస్వరం లోపం అనుమానం ఉన్న గేదెకు డెక్స్ట్రోజ్, అంటే గ్లూకోజ్ సీసా, ఎక్కించకూడదని నా గట్టి అభిప్రాయం.

భాస్వరం తక్కువైన ప్రతి గేదెకూ మూత్రం ఎర్రబడదు. పక్క కట్టుకొయ్య గేదెకు కూడా తక్కువే ఉండొచ్చు, అది బాగానే ఉంటుంది. పొర మీద ఆక్సీకరణ ఒత్తిడి కూడా తోడైనప్పుడు కణం పగులుతుంది. న్యూజిలాండ్‌లో ఈ జబ్బును రాగి లోపంతో ముడిపెట్టి చూశారు. అందుకే చికిత్సలో ఆక్సీకరణను అడ్డుకునే విటమిన్ సీ, తర్వాత మేతలో రాగి ఉన్న ఖనిజ మిశ్రమం కలుపుతాను.

ల్యాబ్ రిపోర్టులో ఒక తెలుగువాడు

సీరం భాస్వరం అంకె చూసినప్పుడల్లా నాకు యల్లాప్రగడ సుబ్బారావు గుర్తొస్తారు. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన అమెరికాలో హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేశారు. రక్తంలో, కణజాలంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఇద్దరూ 1925లో ప్రచురించారు. ఫాస్ఫేట్‌కు మాలిబ్డేట్ చేర్చి, దాన్ని క్షయకరణం చేస్తే నీలి రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. ఇప్పటి యంత్రాలు చాలావరకు నీలి రంగు దాకా పోకుండా మాలిబ్డేట్ సమ్మేళనాన్నే అతినీలలోహిత కాంతిలో కొలుస్తాయి, మూలం మాత్రం ఆ రసాయన చర్యే.

ఆ పద్ధతితో కండరంలోని భాస్వరాన్ని కొలుస్తూనే వాళ్లు 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నారు. అంటే ఈ గేదెకు జబ్బు నిర్ధారించిన పరీక్షా, ఆ జబ్బులో కరువైన అణువూ రెండూ ఒకే మనిషి పనిలోంచి వచ్చాయి. పశువైద్య కళాశాలలో చేరిన పిల్లలకు ఈ సంగతి మొదటి ఏడాదిలోనే చెప్పాలని నా కోరిక.

చికిత్స

రిపోర్టు కోసం ఆగలేదు. సోడియం యాసిడ్ ఫాస్ఫేట్ 60 గ్రాములు 300 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి స్టెరిలైజ్ చేసిన ద్రావణాన్ని మెడ సిరలోకి చాలా నెమ్మదిగా ఎక్కించాను. నీటి అణువులతో కూడిన ఆ ఉప్పులో 60 గ్రాములకు సుమారు 12 గ్రాముల భాస్వరం ఉంటుంది, దాదాపు ఒక రోజు పాలలో పోయేంత. రాత్రికి అదే మోతాదు చర్మం కింద, నాలుగైదు చోట్ల పంచి ఇచ్చాను. ఇది ఎక్కుతున్న గొట్టంలోకి కాల్షియం సీసా తగిలించకూడదు, రెండూ కలిస్తే తెల్లగా విరిగి గడ్డకడుతుంది. హిమోగ్లోబిన్ మూత్రపిండాలను దెబ్బతీయకుండా నార్మల్ సెలైన్ ఇచ్చాను. విటమిన్ సీ ఇచ్చాను. నోటి ద్వారా డైకాల్షియం ఫాస్ఫేట్ మొదలుపెట్టాను.

బజార్లో భాస్వరం పేరుతో దొరికే ఆర్గానిక్ ఫాస్ఫరస్ ఇంజెక్షన్లను ఈ జబ్బులో నమ్ముకోకూడదు. పది మి.లీ.లో ఉండే భాస్వరం గ్రాములో చిన్న వంతు. అది కూడా ఎర్రకణం వాడుకునే ఫాస్ఫేట్ రూపంలో ఉండదు.

మర్నాటికి మూత్రం రంగు కాస్త పలచబడింది, గేదె మాత్రం ఇంకా నీరసించింది. ఇంటాయన కంగారుపడ్డాడు. మందు పనిచేయడం లేదని ఆయన అనుకోవడం సహజమే. ఫాస్ఫేట్ అందితే మిగిలిన కణాలు నిలబడతాయి, అప్పటికే పొర దెబ్బతిన్నవి ఒకటి రెండు రోజులు పగులుతూనే ఉంటాయి. హిమోగ్లోబిన్ 4.3కు దిగింది, గుండె వేగం వంద దాటింది. ఇక రక్తం ఎక్కించక తప్పదు.

పక్కింటి వాళ్లకు ఒట్టిపోయిన గేదె ఒకటి ఉంది. "ఒక బర్రె రక్తం ఇంకో బర్రెకా? రేపు మాది ఎదకొస్తదా సార్?" అని ఆ ఇంటాయన అడిగాడు. ఆ పరిమాణంలో తీస్తే ఆరోగ్యంగా ఉన్న గేదెకు ఇబ్బంది ఉండదని, ఎదకూ దీనికీ సంబంధం లేదని చెప్పాక ఒప్పుకున్నాడు. సోడియం సిట్రేట్ ఉన్న సీసాల్లోకి మూడు లీటర్లు తీశాం. మొదటిసారి ఎక్కించేటప్పుడు పశువుల్లో రక్తం సరిపడకపోవడం అరుదు. అయినా మొదటి పావుగంట చుక్క చుక్కగా వదిలి, వణుకు, ఆయాసం వస్తాయేమోనని పక్కనే నిలబడ్డాను. ఏమీ రాలేదు. సగం ఎక్కేసరికి గేదె తల తిప్పి దూడ వైపు చూసి అరిచింది. ఇంటావిడ ఏడ్చేసింది.

ఫాస్ఫేట్ మోతాదులు 12 గంటలకొకటి చొప్పున కొనసాగించాను. మూడో రోజు మూత్రం తేటపడింది, పేడ వేయడానికి ముక్కడం తగ్గింది. ఐదో రోజు సీరం భాస్వరం 4.6. హిమోగ్లోబిన్ మాత్రం అంత త్వరగా పెరగదు. పోయిన కణాల స్థానంలో ఎముక మూలుగ కొత్తవి తయారుచేయడానికి వారాలు పడుతుంది. నెల తర్వాత చూస్తే 9.4కు వచ్చింది. పాలు అప్పటికి ఏడున్నర, ఎనిమిది లీటర్లు. ఆ ఈతలో మళ్లీ పదకొండు అందుకోలేదు.

రెండో గేదె

అదే కొట్టంలో ఇంకో గేదె ఎనిమిదో నెల చూలుతో ఉంది. మేత ఇద్దరికీ ఒకటే. దానికి ఏ లక్షణమూ లేదు, గోడ నాకడం తప్ప. రక్తం పంపిస్తే భాస్వరం 2.9. గేదెల్లో ఈ జబ్బు చూలు ముదిరినప్పుడు కూడా వస్తుంది కాబట్టి ఈనేదాకా ఆగకుండా వెంటనే మేత మార్చాం.

జావ పూర్తిగా మాన్పించలేదు. నూకలను రోజుకు అరకిలోకు తగ్గించి, రెండు కిలోల తవుడును నాలుగు రోజుల్లో కొంచెం కొంచెంగా పెంచాం. దాంతోనే రోజుకు ముప్పై గ్రాముల దాకా భాస్వరం వస్తుంది. తాజా తవుడు వానల్లో ముక్కిపోతుంటే నూనె తీసిన తవుడు వాడుకోవచ్చు, భాస్వరం అందులోనూ ఉంటుంది. దీనికి తోడు ఖనిజ మిశ్రమం 50 గ్రాములు. భారత ప్రమాణాల ప్రకారం ఉప్పు కలపకుండా తయారైన దానిలో భాస్వరం 12 శాతం ఉండాలి. సంచి మీద ఆ అంకె చూసి కొనమని చెప్పాను. చేలో చల్లే డీఏపీలో కూడా భాస్వరమే కదా, కాస్త కుడితిలో కలపొచ్చా అని ఇంటాయన అడిగాడు. వద్దన్నాను. అందులోని అమ్మోనియా పశువుకు విషమవుతుంది, మలినాలు ఏముంటాయో చెప్పలేం.

సంక్రాంతి దాటాక రెండో గేదె ఈనింది. మూడు వారాలప్పుడు మళ్లీ రక్తం తీశాను. భాస్వరం 4.9, పాలు రోజుకు తొమ్మిది లీటర్లు, మూత్రం మామూలు రంగు. మొదటి గేదె తర్వాతి చూలుకు కూడా ఇదే మేత రాసిచ్చాను, ఏడో నెల నుంచే మొదలుపెట్టేలా. ఈనడానికి రెండు వారాల ముందు ఒకసారి, ఈనిన రెండు వారాలకు ఒకసారి సీరం భాస్వరం చూడాలని ఆ కాగితం మీదే గుర్తుపెట్టాను.